తమ్ముడికి రెండు పేర్లు, ఒకటే మెదడు: ఆటిజం–స్కిజోటైపీ స్కాన్ పరిశోధనలను నేను చదివే వరుస

మా తమ్ముడి మెదడుకు ఎంఆర్‌ఐ తీసింది నేనే. రాజమండ్రిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో పన్నెండేళ్లుగా టెక్నీషియన్‌ని. ఆదివారం మధ్యాహ్నం, పేషెంట్లు లేని వేళ చూసి రమ్మన్నాను. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టి, తలను కాయిల్‌లో సర్ది, అటూ ఇటూ స్పాంజి ముక్కలు దోపి, "చిన్నా, కదలకు, ఓ పావుగంట" అన్నాను. "పావుగంటంటే ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లక్కా?" అన్నాడు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు.

వాడి ఫైల్లో రెండు పేర్లున్నాయి. మొదటి డాక్టరుగారు 'స్కిజోటైపల్' అని రాశారు, అంటే వింత నమ్మకాలు, మనుషులతో దూరం, మాటలోనూ నడతలోనూ తేడా ఉండే తీరు. ఆ స్వభావాన్నే స్కిజోటైపీ అంటారు. మూడేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో చూపిస్తే ఆయన 'ఆటిజం స్పెక్ట్రమ్' అని రాసి, కింద 'స్కిజోటైపల్ లక్షణాలు కూడా' అని చేర్చారు. లోపల మరే కారణమూ లేదని చూసుకోవడానికి ఒకసారి స్కాన్ తీయించమన్నది ఈయనే. రిపోర్టులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని వచ్చింది. "అయితే వీడికేం లేనట్టా?" అంది అమ్మ. ఆ వారమే డాలస్ నుంచి పెదనాన్నగారబ్బాయి ఒక వార్త పంపాడు: ఆటిజం, స్కిజోటైపీ రెండూ కలిసే చోటు మెదడులో దొరికిందట. వార్త వదిలేసి అసలు పరిశోధనా పత్రం తెరిచాను. సగం అర్థం కాలేదు. అప్పటి నుంచి ఇలాంటివి చాలానే చదివాను. ఇప్పుడు మా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఏది కనపడినా నాకు పంపుతారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా నేను చదివే వరుసే రాస్తున్నాను.

మొదటి పని, రంగుల మెదడు బొమ్మను చేత్తో మూసేయండి. నిజంగానే. ఎరుపు, నీలం మచ్చలు చూశామంటే ఆ తర్వాత ఏం చదివినా ఆ మచ్చలే నిజమనిపిస్తాయి. బొమ్మ చివర్లో చూద్దాం.

మెషీన్‌లో పడుకున్నది ఎవరు

'పద్ధతులు' అనే భాగానికి వెళ్లండి. అక్కడ రెండు రకాల మనుషులు కనపడతారు. డాక్టరు నిర్ధారణ చేసినవాళ్లు ఒక రకం. ఏ జబ్బూ లేని విద్యార్థులు, ఉద్యోగులు కొన్ని ప్రశ్నాపత్రాలు నింపి స్కానర్‌లోకి వెళ్లడం రెండో రకం. ఆటిజం, స్కిజోటైపీ రెండూ కలిపి చూసే పరిశోధనల్లో చాలావరకు రెండో రకమే. అందుకే వాటిలో 'ట్రెయిట్స్' అనే మాట పదేపదే వస్తుంది. ట్రెయిట్ అంటే జబ్బు కాదు, స్వభావంలో ఒక పాలు. షుగర్ అందరి రక్తంలోనూ ఉంటుంది, ఒక గీత దాటితే డయాబెటిస్ అంటాం. అదే పద్ధతిలో ఈ గుణాలు కూడా అందరిలో ఎంతో కొంత ఉంటాయనేది వీళ్ల లెక్క. లెక్కగా బాగానే ఉంది. కానీ ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుడైన విద్యార్థిలో కనపడినది మా తమ్ముడికి వర్తిస్తుందని ఆ పేపర్ చెప్పదు. అలా అనేది వార్త రాసినవాడు.

ప్రశ్నాపత్రం: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

నా మటుకు అసలు విషయం మెదడులో కన్నా ముందు ప్రశ్నాపత్రంలో ఉంది.

ఆటిజం గుణాలకు ఎక్కువగా వాడేది ఏక్యూ. 2001లో కేంబ్రిడ్జ్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసింది. 50 వాక్యాలు. స్కిజోటైపీకి వాడే వాటిలో పేరున్నది ఎస్‌పీక్యూ. 1991లో ఏడ్రియన్ రెయిన్ చేశాడు. 74 ప్రశ్నలు, అన్నీ అవును-కాదు రకం. ఆ 74 తొమ్మిది భాగాలు, మళ్లీ ఆ తొమ్మిదీ మూడు గుంపులు. ఒకటి, లోకం కనపడే తీరులో తేడా: వింత నమ్మకాలు, లేనిది ఉన్నట్టు అనిపించడం, జరిగే ప్రతిదానిలో తనకే ఏదో సూచన ఉందనుకోవడం, అనుమానం. దీన్ని 'పాజిటివ్' అంటారు. మంచిదని కాదు, ఉండకూడనిది అదనంగా ఉందని. రెండు, మనుషులతో దూరం: దగ్గరి స్నేహితులు లేకపోవడం, నలుగురిలో టెన్షన్, ముఖంలో భావం పలకకపోవడం. మూడు, మాటలోనూ నడతలోనూ తీరు తప్పడం.

ఇప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. నేను మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. తమ్ముడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. స్నేహితుల సంగతి దీంట్లోనూ ఉంది, దాంట్లోనూ ఉంది. కబుర్లు చెప్పడం కష్టమా అనేది దీంట్లోనూ ఉంది, దాంట్లోనూ ఉంది. "అక్కా, ఇది ఇందాకే రాశాను కదా, మళ్లీ ఎందుకు అడుగుతున్నారు?" అన్నాడు నాలుగోసారి. వాడు విసుగ్గా అన్నదే ఈ రంగంలో పెద్ద చిక్కు. ఒకే ప్రశ్నను రెండు కాగితాల్లో అడిగి, రెండు స్కోర్లూ కలిసి పెరుగుతున్నాయని చెప్పి, రెండింటికీ మెదడులో ఒకే చోట తేడా ఉందంటే, అందులో కొంత మన ప్రశ్నే రెండుసార్లు లెక్కకొచ్చిందన్నమాట.

రెండూ విడిపోయే చోటు కూడా ఆ టేబుల్ మీదే కనపడింది. ఏక్యూలో బండి నంబర్లలాంటివి గమనిస్తుంటారా అనే అర్థంలో ఒక వాక్యం ఉంది. మా వాడు నవ్వి గట్టిగా టిక్కు పెట్టాడు. ఏపీ 05 అంటే తూర్పు గోదావరి, 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 అయింది, దానివల్ల బండిది ఏ జిల్లానో చెప్పలేకపోతున్నామని వాడికి ఇప్పటికీ బాధ. ఎస్‌పీక్యూలో మామూలు వస్తువులు, సంఘటనలు మీకోసమే ఏదో సంకేతం ఇస్తున్నట్టు అనిపిస్తుందా అనే తరహా ప్రశ్నలున్నాయి. అక్కడ వాడు చాలాసేపు ఆగాడు. "ఇప్పుడు లేదు" అన్నాడు. ఇరవై రెండేళ్లప్పుడు ఒక చలికాలమంతా మా వీధిలో 7తో ముగిసే బండి ఆగితే ఆ రోజు వాడు బయటికి వెళ్లేవాడు కాదు.

చూసేది అదే నంబర్ ప్లేటు. దాన్ని గమనించడం ఒక సంగతి, అది నాతో మాట్లాడుతోందనుకోవడం ఇంకో సంగతి. పేపర్‌లో ఎస్‌పీక్యూ మొత్తం స్కోరు మాత్రమే వాడారా, పాజిటివ్ గుంపును విడదీసి చూశారా అన్నది వెతకండి. విడదీయని పేపర్ మీద నేను ఎక్కువ సమయం పెట్టను.

ఈ కలగాపులగం పాతదే. 'ఆటిజం' అనే మాటను ఆయిగెన్ బ్లాయ్‌లర్ 1911 నాటి తన పుస్తకంలో స్కిజోఫ్రీనియా, అంటే లేనివి వినపడటం, గట్టి భ్రమలు ఉండే జబ్బు, దాని లక్షణాల్లో ఒకటిగా వాడాడు, లోకం నుంచి లోపలికి ముడుచుకుపోవడం అనే అర్థంలో. 1920లలో మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఆరుగురు అబ్బాయిల గురించి రాసింది. ఇవాళ చదివితే అచ్చం ఆటిజమే, ఆమె పెట్టిన పేరు మాత్రం 'స్కిజాయిడ్' అని. లియో కానర్ పేపర్ 1943లో వచ్చింది. అయినా అమెరికా సైకియాట్రీ మాన్యువల్‌లో ఆటిజానికి సొంత పేరు దొరికింది 1980లోనే. స్కిజోటైపల్ పర్సనాలిటీ అనే పేరూ అదే కూర్పులో వచ్చింది. ఒకే ఇంట్లో పుట్టి వేరుపడిన పేర్లు, పొలం గట్టు దగ్గర తగాదా ఇంకా తీరలేదు.

ఏమి కొలిచారు, ఎలా కొలిచారు

ఇది నా పని కాబట్టి కాస్త చాదస్తంగా చెప్తాను.

మెదడు నిర్మాణం అంటే ఎక్కువగా మూడు కొలతల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది: గ్రే మ్యాటర్ అంటే నాడీకణాలుండే బూడిదరంగు భాగం పరిమాణం, పైపొర అంటే కార్టెక్స్ మందం, లేదా ఆ పొర వైశాల్యం. మూడూ ఒకటి కాదు. మందం తగ్గి వైశాల్యం పెరిగితే పరిమాణం మారకపోవచ్చు. కార్టెక్స్ సగటు మందం రెండున్నర మిల్లీమీటర్లు. మెదడు నిర్మాణం చూడటానికి మేము తీసే 3డి టీ1 అనే రకం స్కాన్‌లో ఒక్కో చుక్క, వాక్సెల్ అంటాం, సాధారణంగా ఒక మిల్లీమీటరు. అంటే ఆ పొర మొత్తం రెండు మూడు చుక్కల మందం. పేపర్‌లో 'మందంగా ఉంది' అన్న తేడా చుక్కలో చిన్న భాగం. సాఫ్ట్‌వేర్ అంచులను లెక్కగట్టి, చాలామందిని సగటు తీస్తే తేలేది అది. ఒక మనిషి ఫిల్మ్‌ను లైట్ బాక్స్ మీద పెట్టి ఏ రేడియాలజిస్టూ కంటితో చూసేది కాదు. మా అమ్మకు నేను చెప్పిన మొదటి జవాబు ఇదే: "రిపోర్టు నార్మలంటే ట్యూమర్ లేదు, పాత దెబ్బ లేదు అని. వాడి స్వభావం అందులో రాసి ఉండదమ్మా."

తర్వాత కదలిక. మా తమ్ముడి స్కాన్‌లో మొదటి రెండు సీక్వెన్సులూ, అంటే ఒక్కో విడత స్కాన్, బాగా వచ్చాయి. 3డి టీ1 ఐదు నిమిషాలది. మూడో నిమిషంలో మెషీన్ మోత లయ మారిందని, దెబ్బలు లెక్కపెడుతూ గడ్డం ఆడించాడట. కన్సోల్ మీద చూస్తే నుదుటి దగ్గర నుంచి అలలు, బిందెలో నీళ్లు కదిపినట్టు గీత వెనక గీత. పొరకీ లోపలి తెల్ల భాగానికీ మధ్య అంచు చెదిరిపోయింది. "లెక్క మనసులో పెట్టుకో, నోటితో వద్దు" అని మళ్లీ తీశాను. రెండోసారి అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చింది. మధ్యలో ఐదు నిమిషాలు గడిచాయి, మెదడు మారలేదు. కానీ కదిలిన స్కాన్‌ను కొలిస్తే పొర అసలుకన్నా పలచగా, గ్రే మ్యాటర్ తక్కువగా లెక్క వస్తుందని 2015లో చేసిన పరీక్షల్లో తేలింది, ఆ వాలంటీర్లను కావాలనే కదలమని చెప్పి మరీ చూశారు. ఆటిజం ఉన్నవాళ్లూ, కంగారు ఎక్కువ ఉన్నవాళ్లూ స్కానర్‌లో ఎక్కువ కదులుతారు. కాబట్టి పేపర్‌లో కదలికను ఎలా సరిచూశారో, ఎన్ని స్కాన్లు పక్కన పడేశారో ఒక్క వాక్యమైనా ఉండాలి. తల సైజు, వయసు, ఆడా మగా, ఏ స్కానర్ అన్నవి కూడా లెక్కలో కలిపారో లేదో చూడండి.

మందుల సంగతీ అంతే. సైకోసిస్‌కు, అంటే నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితికి, వాడే మందులు మెదడు లోతుల్లోని కొన్ని భాగాల పరిమాణాన్ని మార్చగలవు. రిస్పెరిడోన్ స్కిజోఫ్రీనియాకూ ఇస్తారు, ఆటిజంలో విపరీతమైన చిరాకుకూ ఇస్తారు. రెండు గుంపుల్లో ఒకే తేడా కనపడితే అది జబ్బుదా, మాత్రదా? జబ్బు లేని వాలంటీర్లలో గుణాలను కొలిచే పరిశోధనలకున్న అసలు లాభం ఇదే, వాళ్లు ఈ మాత్రలు వేసుకోరు.

ఇప్పటికి గట్టిగా తెలిసింది

ఎనిగ్మా అని ప్రపంచవ్యాప్తంగా స్కాన్లు కలిపే ఒక కూటమి ఉంది. 2018లో వాళ్లు ఆటిజం ఉన్న 1571 మందిని, లేని 1651 మందిని పోల్చారు. ముందు భాగం కార్టెక్స్ కాస్త మందం, చెవుల పక్కనున్న టెంపోరల్ భాగం కాస్త పలచన, లోపలున్న పాలిడమ్, పుటామెన్, అమిగ్డలా కాస్త చిన్నవి. స్కిజోఫ్రీనియాలో వాళ్లే చూస్తే కార్టెక్స్ చాలాచోట్ల పలచన, లోపలున్న హిప్పోక్యాంపస్ చిన్నది, పాలిడమ్ మాత్రం పెద్దది. ఇక ఏ మందూ వాడని ఆరోగ్యవంతులు 3004 మందిలో స్కిజోటైపీ స్కోరును పోల్చి చూస్తే, స్కోరు పెరిగేకొద్దీ నుదుటి వెనక కిందిభాగంలో పొర రవ్వంత మందం. పలచన కాదు, మందం! స్కిజోటైపీ అంటే స్కిజోఫ్రీనియాకు చిన్న సైజు నకలు అనుకున్నవాళ్లకు ఇది మింగుడుపడలేదు.

వీటిని పక్కపక్కన పెడితే 'ఒకటే' అనీ అనలేం, 'తలకిందులు' అనీ అనలేం. తలకిందులు అనే సిద్ధాంతం ఒకటుంది. 2008లో బెర్నార్డ్ క్రెస్పీ, క్రిస్టఫర్ బాడ్‌కాక్ చెప్పారు. ఎదుటివాళ్ల మనసు చదవడంలో ఆటిజం ఒక చివర, సైకోసిస్ ఇంకో చివర అని. ఒకచోట మనసు కనపడదు, ఇంకోచోట నంబర్ ప్లేటుకు కూడా మనసు కనపడుతుంది. దాని మీద కట్టిందే ఇంకో ఆలోచన: రెండూ ఒకే మనిషిలో ఎక్కువుంటే ఒకదాన్నొకటి కొంత తగ్గిస్తాయా అని. అహ్మద్ అబూ-అకెల్, ఆయనతో పనిచేసినవాళ్లు దీన్ని వెతుకుతున్నారు. అలాంటి పేపర్లలో 'ఇంటరాక్షన్' అనే మాట ఉంటుంది. పులుసులో బెల్లం అనుకోండి. చింతపండు ఎంత వేశామన్నదాన్నిబట్టి అదే బెల్లం ముక్క ఒక గిన్నెలో చాలదు, ఇంకో గిన్నెలో ఎక్కువైపోతుంది. బెల్లం ఒక్కటే కొలిస్తే రుచి తెలియదు. ఆటిజం గుణాల ప్రభావం స్కిజోటైపీ ఎంతుందన్నదాన్నిబట్టి మారుతోందా అని వాళ్లు అడుగుతున్నది. ప్రశ్న నాకు నచ్చింది. కానీ ఇంటరాక్షన్ తేల్చడానికి మామూలుకన్నా చాలా ఎక్కువమంది కావాలి, వంద మందితో తేలిపోయిందంటే నేను ఆగి చూస్తాను.

ఎంత తేడా

'సిగ్నిఫికెంట్' అన్న మాట దగ్గర ఆగొద్దు. 'ఎఫెక్ట్ సైజు' వెతకండి, సాధారణంగా డి అనో ఆర్ అనో ఉంటుంది. ఆటిజం ఎనిగ్మాలో అన్నిటికన్నా పెద్ద తేడాలు డి 0.2 దరిదాపుల్లోవి. ఈ అంకె నాకు మొదట్లో తలకెక్కలేదు. ఇలా చూస్తే ఎక్కింది: ఆటిజం ఉన్న ఒకరిని, లేని ఒకరిని చీటీ వేసి తీసి, ఎవరి పొర మందమో చూసి ఎవరికి ఆటిజమో చెప్పమంటే, వందలో 56 సార్లు కరెక్టవుతాం. బొమ్మా బొరుసా వేసినా 50 వస్తాయి. స్కిజోఫ్రీనియాలో హిప్పోక్యాంపస్ తేడా 0.46, అక్కడా 63 దాకానే. స్కిజోటైపీలో ఆ నుదుటి వెనక మందం ఆర్ 0.07 చిల్లర, అంటే మనుషుల మధ్య తేడాలో వందో వంతు కూడా దానితో తేలదు.

మందిని కూడా లెక్కపెట్టండి. 2022లో 'నేచర్' పత్రికలో సుమారు 50,000 మంది స్కాన్లతో ఒక పరిశోధన వచ్చింది. గుణాలకూ మెదడు నిర్మాణానికీ లంకె నమ్మకంగా చెప్పాలంటే వేలమంది కావాలని తేల్చింది. అంతకుముందు మెదడు స్కాన్ పరిశోధనల్లో మధ్యస్థంగా ఉన్నది పాతిక మందే. చిన్న గుంపులో దొరికిన తేడా తరచూ అసలుకన్నా పెద్దదిగా కనపడుతుంది, పెద్దగా కనపడితేనే అచ్చవుతుంది కాబట్టి.

ఇప్పుడు చెయ్యి తీసి రంగుల బొమ్మ చూడండి. ఎర్రగా ఉన్నది తేడా పెద్దదని కాదు, లెక్కలో గీత దాటిందని. రంగు పక్కన ఉండే చిన్న పట్టీలో ఏ అంకె ఉందో చదవండి.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

స్కాన్ కాదు. అమ్మ గుర్తులు.

ఆటిజం చిన్నప్పటి నుంచే ఉంటుంది. స్కిజోటైపల్ తీరు సాధారణంగా టీనేజీలో, ఆ తర్వాత బయటపడుతుంది. ఆటిజం ఉన్న మనిషిలో ఆ తీరంతా ఆటిజంలో భాగంగానే కనపడుతుంటే స్కిజోటైపల్ పర్సనాలిటీ అని విడిగా రాయకూడదని ఆ అమెరికా మాన్యువల్ ఐదో కూర్పు, డీఎస్‌ఎం-5లోనే ఉంది. కాబట్టి 'ఏ వయసులో' అన్నదే ముఖ్యం. మన దగ్గర ఆటిజం సర్టిఫికెట్‌కు వాడే ఐఎస్‌ఏఏ స్కేల్ సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది, 40 అంశాలు. అక్కడా పిల్లవాడి నడతను దగ్గర్నుంచి చూసినవాళ్లను అడుగుతారు.

ఒక నోట్‌బుక్ పెట్టండి. మూడేళ్లలోపు ఏం చేసేవాడు, మాటలు ఎప్పుడొచ్చాయి, స్కూల్లో ఎవరితో ఆడేవాడు. వింత నమ్మకం ఏదైనా ఉంటే ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లుంది, 'అలా కాదేమోరా' అంటే ఒప్పుకున్నాడా, నిద్ర తగ్గిందా. చెవిలో మాటలు వినపడుతున్నాయన్నా, భయంతో తిండీ నిద్రా మానేసినా నోట్‌బుక్ గురించి ఆలోచించకుండా వెంటనే తీసుకెళ్లండి. రాత్రివేళైతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మా అమ్మ రెండు పేజీలు రాసింది. 'రెండేళ్లప్పుడు గిన్నెల మూతలు గంటలకొద్దీ తిప్పేవాడు' అన్నది మొదటి లైను. డాక్టరుగారికి ఇచ్చే ముందు తమ్ముడు చదివి, 'మూతలు' కొట్టేసి పైన 'కుక్కర్ గాస్కెట్' అని రాశాడు.